నల్ల పొర తీయడానికి ఇంట్లో యాసిడ్ వద్దు

సంపాదకుల వారికి,

నమస్కారం. ధనుర్మాసం మొదలైందంటే విజయవాడలో గేట్లకు, కిటికీ గ్రిల్స్‌కు, మెట్ల రెయిలింగులకు గిరాకీ పెరుగుతుంది. సంక్రాంతి లోపల రంగు వేసి నిలబెట్టాలని ప్రతి ఇంటివారూ తొందర పెడతారు. ఈ పని అంతా ఆటోనగర్‌లోని పెద్ద షాపుల్లోనే జరగదు. సింగ్‌నగర్, పాయకాపురం, రామవరప్పాడు వైపు ఇంటి పక్కనో, వెనకనో రేకుల షెడ్డు వేసుకుని, ఒక వెల్డింగ్ మిషను, ఒక గ్రైండరు, ఒక డ్రిల్లింగ్ మిషనుతో బతుకు వెళ్లదీసుకునేవారు వందలాదిగా ఉన్నారు. ఉద్యోగం చేసుకుంటూ సరదాగా ఇంట్లోనే బల్లలూ స్టాండ్లూ చేసుకునే యువకులు కూడా ఈమధ్య ఎక్కువయ్యారు. వీరిలో చాలామంది కొత్త ఇనుము మీద ఉండే నల్ల పొరను వదిలించడానికి బాత్‌రూములు కడిగే యాసిడ్‌ను వాడుతున్నారు. అదీ ముఖ్యంగా ఈ చలి రోజుల్లో, తలుపులు మూసిన గదుల్లో వాడుతున్నారు. ఆటోనగర్‌లో చాలాకాలం ఫిట్టరుగా పనిచేసినవాడిగా ఈ విషయంపై నాకు తెలిసినది మీ పత్రిక ద్వారా చెప్పదలచుకున్నాను.

ముందుగా ఆ నల్ల పొర సంగతి. యాంగ్లర్లు (ఎల్ ఆకారపు ఇనుప కమ్మీలు), ఫ్లాట్ పట్టీలు, చువ్వలు, మందపాటి ప్లేట్లు మిల్లులో ఎర్రగా కాలి, సుమారు 1200 డిగ్రీల వేడి నుంచి రోలర్ల మధ్య నలుగుతూ బయటికి వస్తాయి. ఆ వేడిలో గాలి తగిలిన ఇనుము పైభాగం ఆక్సైడుగా మారి, చల్లారాక నీలం కలిసిన నలుపు రంగులో గట్టి పొరగా మిగులుతుంది. దీన్నే మిల్ స్కేల్ అంటారు, పనివాళ్ల మాటలో స్కేలు. ఇందులో మూడు వరసలుంటాయి: ఇనుమును అంటుకుని వుస్టైట్, దానిపైన మాగ్నటైట్, అన్నిటికన్నా పైన పలుచగా హెమటైట్. చూడటానికి నున్నగా, నిగనిగలాడుతూ ఉండటం వల్ల కొత్తవాళ్లు దీన్ని మిల్లువాళ్లు వేసిన పూత అనుకుని, దానిమీదనే రెడ్ ఆక్సైడ్ అనే తొలి పూత కొట్టి, ఆపైన ఎనామిల్ వేస్తారు.

పొర పగలకుండా ఉన్నంతవరకు నిజంగానే దానివల్ల హాని లేదు. కానీ అది పగలకుండా ఉండదు. ఇనుము వంగుతుంది, ఎండకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. పెళుసుగా ఉండే ఆ పొర మాత్రం వంగదు, సాగదు. వెల్డింగ్ చేసిన చోట, సమ్మెట దెబ్బ పడిన చోట, కోసిన అంచుల దగ్గర సన్నని చీలికలు పడతాయి. అక్కడికి తేమ చేరగానే పొరకూ ఇనుముకూ మధ్య చిన్న బ్యాటరీ ఏర్పడుతుంది. అందులో తరిగిపోయేది ఇనుమే. పొర విస్తీర్ణం ఎక్కువ, చీలికలో బయటపడిన ఇనుము తక్కువ కాబట్టి తుప్పు అంతా ఆ కాస్త చోటనే కేంద్రీకరించి గుంట పెడుతుంది. పైన ఎంత ఖరీదైన రంగు వేసినా, అది పట్టుకున్నది పొరనే గాని ఇనుమును కాదు కాబట్టి, పొర ఊడిన రోజున రంగు కూడా దానితోపాటే ఊడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తగ్గిన తరువాత సింగ్‌నగర్ వీధుల్లో తిరిగినవారు ఈ తేడాను కళ్లారా చూసి ఉంటారు. కొన్ని గేట్లకు రంగు అరచేతి వెడల్పు పెచ్చులుగా లేచిపోయింది. ఆ పెచ్చు తిప్పి చూస్తే లోపలి వైపు నల్లగా మెరుస్తున్న స్కేలు అలాగే అంటుకుని ఉంది. అదే నీళ్లలో నానినా, శుభ్రం చేసిన ఇనుముకు రంగు వేసిన గేట్లు బురద కడుక్కుని నిలిచాయి.

కాబట్టి పొర తీయాలన్న పట్టుదల సరైనదే. వెల్డింగుకు కూడా అది అవసరం. మామూలు 6013 వెల్డింగు రాడ్డుతో చేసేవారికి స్కేలు కొంత చెల్లిపోతుంది గాని, కార్బన్ డయాక్సైడ్ వాయువు వదులుతూ చేసే సీఓటూ వెల్డింగులో అతుకు సరిగ్గా కరగదు, టంగ్‌స్టన్ మొనతో చేసే టిగ్ వెల్డింగ్‌కైతే ఇనుము తెల్లగా మెరవాల్సిందే. ఈ స్కేలు మీద ఆకురాయి వేస్తే దాని పళ్లు అరిగిపోతాయి. గ్రైండరుకు వైరు బ్రష్ తగిలించి రుద్దేవారిని రోజూ చూస్తుంటాను. స్కేలు వైరుకు లొంగదు. ఆ రుద్దుడుకు ఇంకా మెరుగెక్కుతుంది, చేసినవాడు పని అయిందనుకుంటాడు. గ్రైండరుకు తగిలించే, గరుకు రెక్కలున్న ఫ్లాప్ డిస్క్‌తో తీయవచ్చు. అయితే పెద్ద పనికి చక్రాలు త్వరగా అరిగిపోతాయి, మూలలకు అందదు, దుమ్ము ముక్కులోకి పోతుంది, పలుచని పైపు గోడ ఇంకా పలుచబడుతుంది. ఇసుకతో బ్లాస్టింగ్ మంచి పద్ధతే గాని మామూలు ఇసుక వాడితే సిలికా దుమ్ము ఊపిరితిత్తులను శాశ్వతంగా పాడుచేస్తుంది. అది ఇంటి షెడ్డులో చేసే పని కాదు. ఇవన్నీ చూసి చివరికి మనవాళ్లు యాసిడ్ సీసా అందుకుంటున్నారు.

అది పనిచేయదని నేను అనను. ఆ సీసాలో ఉండే హైడ్రోక్లోరిక్ ఆమ్లం చలిలో సైతం స్కేలును తినేస్తుంది. పెద్ద కర్మాగారాల్లో రేకుల చుట్టలను శుభ్రం చేసేది ఎక్కువగా ఈ ఆమ్లంతోనే. అయితే అక్కడ ఆమ్లం గాఢతను కొలుస్తూ ఉంటారు, ఇనుమును తినకుండా ఆపే మందు కలుపుతారు, ఆవిరిని పీల్చి నీటితో కడిగి వదిలే ఏర్పాటు ఉంటుంది, వాడేసిన ద్రవం తిరిగి శుద్ధికి వెళుతుంది. మన షెడ్డులో ఈ నాలుగింటిలో ఒక్కటీ లేదు. చీటీ లేని సీసాలో ఎంత గాఢత ఉందో అమ్మినవాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు. దాని ఆవిరి కళ్లనూ గొంతునూ మండించడంతో ఆగదు. అదే గదిలోని డ్రిల్లు బిట్లు, వెర్నియర్, లేత్ బెడ్డు తెల్లవారేసరికి గోధుమరంగు పట్టి ఉంటాయి. సిమెంటు నేల పొంగి గుల్లబారుతుంది. అన్నిటికన్నా భయంకరమైనది మరొకటి ఉంది. పని అయ్యాక ఆ నీళ్లు బాత్‌రూములో పారబోస్తారు. ఇంట్లోవాళ్లు సంగతి తెలియక అక్కడే బ్లీచింగ్ పౌడరు చల్లుతారు. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మూసిన గదిలో అది ప్రాణం తీయగలదు.

మరి చలికాలంలోనే ఈ అలవాటు ఎందుకు పెరుగుతుంది? పండుగ తొందర ఒక కారణం. రెండో కారణం చలి. దాన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది దారి తప్పుతున్నారు. బాత్‌రూము యాసిడ్ అవసరం లేకుండా ఈ పొరను తీయడానికి నిమ్మ ఉప్పు ఉంది. కిరాణా కొట్టులో పులుపు కోసం అమ్మే సిట్రిక్ ఆమ్లమే అది. వెనిగర్ కూడా పనిచేస్తుంది. అందులో ఆమ్లం సుమారు 4 శాతమే కాబట్టి నెమ్మదిగా చేస్తుంది, ఎక్కువ మోతాదులో కొనాలంటే ఖర్చు, పైగా వాసన. గిన్నె అడుగున మాడును గీకడం మాని నానబెట్టినట్టే ఇదీ. లీటరు నీటికి 50 నుంచి 100 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి ఇనుమును ముంచి ఉంచితే, సన్నని బుడగలు వస్తూ పొర వదులవుతుంది, తరువాత స్క్రబ్బరుతో రుద్దితే నల్లని బురదలా చేతికి వచ్చేస్తుంది. ఈ పద్ధతి తెలిసినవారు మన ఊళ్లో చాలామందే ఉన్నారు. అయితే వేసవిలో ఒక రాత్రిలో పని ముగించిన తొట్టి పుష్యమాసంలో మొండికేస్తుంది. రసాయనాలు పనిచేసే వేగం పది డిగ్రీల వేడి తగ్గితే దాదాపు సగానికి పడిపోతుందని ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది. మే నెలలో మన షెడ్డులో నీళ్లు 40 డిగ్రీల దగ్గర ఉంటే, ఈ నెలలో తెల్లవారుజామున 20 డిగ్రీల దగ్గరికి దిగుతాయి. అంటే అదే నీళ్లు, అదే నిమ్మ ఉప్పు, పని మాత్రం నాలుగో వంతు. పొద్దున లేచి చూసేసరికి ఇనుము ఇంకా నల్లగానే ఉంటుంది. “ఇది పనికిరాదు” అని తొట్టి ఒంపేసి యాసిడ్ కొనడానికి బయలుదేరుతారు. లోపం మందులో లేదు, చలిలో ఉంది. కాబట్టి మార్చవలసింది వేడినే గాని మందును కాదు.

వేడి పెంచడం మనకు కష్టం కాదు. నీళ్లు వేరే గిన్నెలో కాచి, 50, 60 డిగ్రీల మధ్య తెచ్చి, ప్లాస్టిక్ డ్రమ్ములో నిమ్మ ఉప్పు కలిపి, ఇనుము ముంచి, చుట్టూ గోనె సంచులు చుట్టి పెడితే చాలాసేపు వెచ్చదనం నిలుస్తుంది. ఊక దొరికేవారు డ్రమ్మును ఊక నింపిన పెట్టెలో పెడితే మరీ మంచిది. పగలు డాబా మీద ఎండలో పెట్టడం ఇంకా తేలిక. విజయవాడలో పుష్యమాసపు మధ్యాహ్నం ఎండ కూడా తీసిపారేయదగ్గది కాదు. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరిస్తున్నాను: స్నానానికి నీళ్లు కాచే కరెంటు రాడ్డును ఈ తొట్టిలో పెట్టవద్దు. ఆమ్లం దాని తొడుగును తినేస్తే నీళ్లలోకి కరెంటు పాకుతుంది. మూత కూడా బిగించకూడదు, బుడగలుగా వచ్చేది నిప్పు తగిలితే మండే హైడ్రోజన్. అందుకే తొట్టి పక్కన వెల్డింగ్, గ్రైండింగ్ చేయరాదు. అల్యూమినియం గిన్నె కూడా ఈ నీళ్లకు పనికిరాదు.

పొడుగు యాంగ్లర్లకు డ్రమ్ము సరిపోదు. మురుగునీటి లైన్లకు వాడే నాలుగు అంగుళాల ప్లాస్టిక్ పైపుకు ఒక చివర మూత అతికించి, నిలువుగా స్తంభానికి కట్టి, అందులో దించితే సరి. మీటరు పొడుగుకు ఇంచుమించు 8 లీటర్లే పడతాయి కాబట్టి నిమ్మ ఉప్పు ఖర్చు కూడా తక్కువే. ముక్కలు కోయకముందో, కనీసం వెల్డింగ్ చేయకముందో ముంచాలి గాని, గేటు తయారయ్యాక ముంచకూడదు. అతుకుల సందుల్లో, చదరపు పైపుల లోపల చిక్కుకున్న ఆమ్లం ఎంత కడిగినా పూర్తిగా రాదు, రంగు వేసిన కొన్నాళ్లకు అక్కడి నుంచే తుప్పు కారుతుంది. స్ప్రింగులను, 10.9, 12.9 అని తల మీద అచ్చు వేసిన గట్టి బోల్టులను ఏ ఆమ్లంలోనూ ముంచవద్దు. హైడ్రోజన్ లోపలికి ఇంకి అవి పెళుసెక్కి, బిగించాక పుటుక్కున విరిగే ప్రమాదం ఉంది.

పొర పూర్తిగా పోయిందో లేదో కంటితో చెప్పడం కష్టం. తడి ఇనుము, పలుచని స్కేలు రెండూ బూడిదరంగులోనే కనిపిస్తాయి. దీనికి మన కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులకు బాగా తెలిసిన మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) పనికొస్తుంది. చిటికెడు మైలుతుత్తం నీళ్లలో కరిగించి ఒక చుక్క వేస్తే, వట్టి ఇనుము ఉన్న చోట క్షణాల్లో రాగి రంగు తిరుగుతుంది, స్కేలు మిగిలిన చోట నల్లగానే ఉంటుంది. ఒక పట్టీ మీద గుడ్డతో పూసి చూస్తే ఎర్రని నేల మధ్య నల్లని మచ్చలు స్పష్టంగా బయటపడతాయి. పరీక్ష అయ్యాక ఆ రాగిని గరుకు కాగితంతో తీసేసి కడగాలి. వదిలేస్తే అదే మళ్లీ తుప్పుకు కారణమవుతుంది.

తొట్టి నుంచి తీసిన తరువాతి గంట, ముంచినంతసేపు ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. ఈ గంటలో చలి మరోసారి దెబ్బ తీస్తుంది. శుభ్రమైన ఇనుముకు ఏ రక్షణా ఉండదు, తడి ఆరేలోపే పసుపు తుప్పు కమ్ముకుంటుంది. ముందు మామూలు నీళ్లతో కడిగి, వంటసోడానో చాకలి సోడానో కలిపిన నీళ్లలో ముంచి ఆమ్లాన్ని చంపి, చివరిసారి బాగా వేడినీళ్లు పోస్తే ఇనుము తన వేడికి తానే ఆరిపోతుంది. ఇదంతా మధ్యాహ్నానికి ముగించి, ఎండ ఉండగానే రెడ్ ఆక్సైడ్ వేయాలి. సాయంత్రం కడిగి షెడ్డులో ఆరబెట్టినవారికి పొద్దున కనిపించేది తుప్పే. కృష్ణ గాలికి తెల్లవారుజామున కురిసే మంచు ముందుగా చల్లటి ఇనుము మీదే చెమ్మగా చేరుతుంది. మంచు పట్టే ఉష్ణోగ్రత కన్నా ఇనుము కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉంటేనే రంగు వేయాలన్నది రంగుల పనిలో పాటించే నియమం. థర్మామీటరు లేనివారు ఇనుము మీద చేయి పెట్టి వెచ్చగా తగిలాకే బ్రష్ పట్టుకుంటే చాలు.

ఇంకొక మాట. ప్రతి ఇనుముకూ ఈ తంటా అక్కర్లేదు. ఇప్పుడు దొరికే పలుచని చదరపు పైపుల్లో చాలావరకు చల్లగా రోలింగ్ చేసిన రేకుతో చేసినవి. వాటికి స్కేలు ఉండదు, నూనె మాత్రమే ఉంటుంది, థిన్నరు గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. వాటిని కూడా యాసిడ్‌తో కడిగేవారిని చూస్తే జాలి వేస్తుంది. కాంక్రీటులో కప్పబడే చువ్వల జోలికీ పోనక్కర్లేదు. ఈ తేడా కొనేటప్పుడే తెలిస్తే సగం పని తగ్గుతుంది కాబట్టి, ఇనుము వ్యాపారులు తాము అమ్ముతున్నది వేడిగా రోలింగ్ చేసినదో, చల్లగా చేసినదో బిల్లు మీద రాయాలని కోరుతున్నాను.

వాడేసిన నిమ్మ ఉప్పు నీళ్లలో కరిగిన ఇనుము ఉంటుంది. అందులో పొంగు ఆగేవరకు చాకలి సోడానో, సున్నమో కలిపి, అడుగుకు దిగిన మడ్డిని వేరుచేసి, తేరిన నీటిని మాత్రమే వదలాలి. యాసిడ్ నీళ్లను కాలువల్లోకి వదిలేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ మన ఊరి నడుమ నుంచే డెల్టాకు పోతున్నాయి. ఆ నీటి మీద పొలాలతోపాటు ఎన్నో ఊళ్ల చెరువులూ ఆధారపడి ఉన్నాయి. ఆటోనగర్‌లోనైనా చిన్న పనివారు వాడేసిన ఆమ్లాన్ని తెచ్చి ఇచ్చేందుకు ఒక చోటు ఏర్పాటు చేస్తే, సంబంధిత అధికారులకు పెద్ద ఖర్చు కాదు.

అమ్మకాల విషయానికొస్తే, నిబంధన లేదని ఎవరూ అనలేరు. యాసిడ్ దాడుల కేసులో 2013 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం కొన్నవారి పేరు, చిరునామా రిజిస్టరులో రాయాలి, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూడాలి, ఎందుకు కొంటున్నారో అడగాలి, 18 ఏళ్ల లోపువారికి అమ్మకూడదు, ఉల్లంఘిస్తే 50 వేల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. ఆడపిల్లల మీద జరిగే ఘోరాలను ఆపడానికి పెట్టిన ఆ నియమం సరిగ్గా అమలైతే ఇంటి షెడ్డుల్లోని ఈ ప్రమాదం కూడా దానంతటదే చాలావరకు తగ్గుతుంది. ఇప్పుడు ఏ వీధి కొట్టులో అడిగినా, పేరు అడగకుండానే సీసా చేతికిస్తున్నారు. ఐటీఐల్లో వెల్డరు, ఫిట్టరు కోర్సులు చదివే పిల్లలకు ఒక పూట నిమ్మ ఉప్పు తొట్టి పెట్టించి, పొర తీయించి, మైలుతుత్తంతో పరీక్ష చేయించి చూపితే, వారు ఎక్కడ షెడ్డు పెట్టుకున్నా అదే పద్ధతి పాటిస్తారు.

చివరిగా, గేట్లు చేయించుకునే గృహస్థులకు ఒక మనవి. పండుగకు వారం ముందు అడ్వాన్సు ఇచ్చి, భోగి నాటికి గేటు నిలబెట్టమంటే ఆ పనివాడికి యాసిడ్ తప్ప మరో దారి మిగలదు. ఆర్డరు కార్తీకంలోనే ఇవ్వండి, ఇనుము శుభ్రం చేయడానికి పట్టే రోజులకూ కూలి లెక్క కట్టండి, రెడ్ ఆక్సైడ్ వేయకముందు వట్టి ఇనుమును ఒకసారి చూపించమని అడగండి.

భవదీయుడు,
ఒక పాత ఫిట్టరు,
పటమట, విజయవాడ